ఉల్లిసంచి పీచూ, హులిగెమ్మ వీపూ

హులిగెమ్మ చేతులు ఊరికే ఉండగా చూసినవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. ఆలూరు దగ్గరి ఆ పల్లెలో నీళ్లకు కరువొచ్చిందేమో గానీ ఆమె చేతి చురుకుకు ఎన్నడూ కరువు రాలేదు. పొద్దున లేస్తే గిన్నెలు, గిన్నెలైపోతే గడప, గడప అయిపోతే దూడ. దూడ తప్పించుకుని పారిపోతే ఇక వీధిలో పోయే పిల్లల వంతు. ఎవడి మెడ మీద మట్టి కనబడినా వాడి గతి అంతే, చెవి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కుపోయేది. "ఈమె తోమితే ఇత్తడి బిందెకు గూడా సిగ్గయితాది" అనేవాడు మొగుడు ఉరుకుందు. ఆయన తిట్టాననే అనుకున్నాడు. ఆమె పొగడ్త కింద జమకట్టుకుంది.

ఆమె పని కూడా దానికి తగ్గదే. ఊళ్లో ఎవరింట కాన్పు జరిగినా పసిబిడ్డకు నీళ్లు పోసేది హులిగెమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె అంటి, చెంబుతో వేణ్నీళ్లు పోస్తుంటే ఆ ఏడుపు వీధి చివరికి వినబడేది. ఆ కాళ్ల మీద ఏడ్చినవాళ్లే ఇప్పుడు గ్రామసభల్లో మైకు పట్టుకుని అరుస్తున్నారు. వాళ్ల గొంతులు తెరిపించింది తానేనని ఆమె నమ్మకం.

ఉరుకుందు ఉల్లిగడ్డల లారీలకు హమాలీ. సీజనులో ఆయన వెంట చినిగిన వలసంచులు కట్టలు కట్టలుగా ఇంటికొచ్చేవి. వేరేవాళ్లయితే వాటిని దొడ్డికి దడిగా కట్టేవాళ్లు. హులిగెమ్మ వాటిని బారెడు పొడవున కోసి, మూడు పేటలు జడలా అల్లి, రెండు చివరలా పిడికిలి పట్టేంత ఉచ్చులు పెట్టింది. ఒక చివర భుజం మీంచి, ఇంకో చివర నడుం పక్కనుంచి పట్టుకుని రంపం కోసినట్టు లాగితే, మట్టి సంగతి అటుంచి వీపే ఊడొచ్చేటట్టుండేది. బీరపీచంటే ఆమెకు చులకన. "దాంతో రుద్దుకుంటే ఒళ్లు తెల్లబడదు, బీరకాయకు పుణ్యమొస్తాది" అనేది.

మంచి వస్తువు దొరికితే ఒక్కతే అనుభవించే మనిషి కాదు. వీధిలో ఇంటికొకటి అల్లి పంచింది. కూతురు నాగలత పెండ్లప్పుడు కోడుమూరు వియ్యపురాలు సుంకులమ్మకు చీర, సారెతో పాటు ఎర్రటి పీచొకటి, చినగని సంచి కోసి మరీ పెట్టింది, కూతురికీ ఒకటిచ్చి పంపింది.

వీపు నల్లబడటం ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియదు. ఎవరి వీపు వాళ్లకు కనబడదు కదా. దురద మాత్రం తెలుసు. దురద పుట్టేది, పీచుతో లాగేది, స్వర్గం కనబడేది, స్వర్గం నుంచి దిగేలోపల మళ్లీ దురద. ఒంట్లో ఇంకా మట్టి ఉందని దురదే చెబుతోందనుకుని ఇంకాస్త గట్టిగా లాగేది.

నాగలత సీమంతం నాడు ఆ వీపు బయటపడింది. కోడుమూరులో వియ్యాలవారి ఇల్లు నిండా జనం. కొత్త రవికకు వెనక మెడ ఇంత లోతు తీశాడు ఆలూరు టైలరు, కూతురి కడుపు పండగకు తల్లికీ ఒక ఫ్యాషను ఉండాలని. హులిగెమ్మ వంగి కూతురి చేతికి గాజులు తొడుగుతోంది.

"వొదినా, కదలొద్దు" అంది వెనకనుంచి సుంకులమ్మ.

"ఏం, తేలా?"

"తేలయితే సెప్పుతో సంపుదును. నీ ఈపు మీద ఏమది, అట్లుండాది?"

"బస్సులో సీటు మట్టేమో లే."

సుంకులమ్మ వేలితో తాకలేదు. హులిగెమ్మ కొంగే పట్టుకుని, ఆ కొంగుతోనే తుడిచింది. పోలేదు. అప్పుడు తన జాకెట్టు చేతులు పైకి లాగి, మోచేతుల పైన వెలుపలి వైపు చూపించింది. అక్కడా అదే నలుపు.

"నాకు గూడా వస్తాండాది, సూడు. పెండ్లప్పుడు మీ ఇంట్లో నీ పక్కన పండుకుంటి, నీ దుప్పటి కప్పుకుంటి. ఆడ్నించే ఇది."

"అంటే నేను అంటిచ్చినానంటావా?"

"నేననేదేముండాది? నా చెయ్యే చెబుతాండాది."

గాజులు చూడటానికొచ్చిన ఆడవాళ్లంతా ఇప్పుడు వీపు చూడటానికి మూగారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టింటి అమ్మే నీళ్లు పోయాలి. అందులో ఎవరికీ ఎదురుమాట లేదు. కానీ సుంకులమ్మ అందరి ముందే తేల్చేసింది.

"కానుపు ఈడనే. బిడ్డకు నీళ్లు నేనే పోసుకుంటా. నువ్వొచ్చి సూసి పో వొదినా, వద్దన్ను. దూరం నించి."

నాగలత నోరు తెరిచింది. అత్త చూసిన చూపుకు మళ్లీ మూసింది. హులిగెమ్మ చేతిలో ఇంకా గాజులు మిగిలాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, కూతురి చెయ్యి నిండిపోయాక కూడా పట్టుకునే ఉంది.

ఊళ్లో అందరి బిడ్డలకూ నీళ్లు పోసిన చేతికి సొంత మనవరాలో మనవడో అందకుండా పోతే ఇంక ఆ చెయ్యి దేనికి? ఇంటికొచ్చీ రాగానే చేసిన మొదటి పని పీచు అందుకోవడం. నలుపు పోతే సుంకులమ్మ నోరు మూతపడుతుంది. కాబట్టి పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, మధ్యలో దురద పిలిచినప్పుడల్లా రుద్దింది. ఉరుకుందు చేత ఫోనులో ఫోటో తీయించి చూసుకునేది.

"తగ్గినట్టుండాదా?"

"ఇంకా నల్లగైనట్టుండాది."

"నీ ఫోను మసిబట్టింది."

ఫోను కూడా తోమబోతే ఉరుకుందు లాక్కుని పరుగెత్తాడు. ఆ పక్కనే ఉన్న టీవీ రిమోటుకు కాళ్లు లేవు పాపం. సబ్బునీళ్లలో స్నానం చేసి, ఆ నాటి నుంచి నోరెత్తలేదు.

ఊళ్లో సూదులేసే బొజ్జన్న చూసి తామరన్నాడు. పూతమందిచ్చాడు. ట్యూబు అయిపోయింది, నలుపు అట్లే ఉంది. రెండోసారి వెళ్తే గొంతు తగ్గించాడు. "నేననేది గాదు గానీ అక్కా, పెద్దరోగానికి గూడా మచ్చలే వస్తాయంట."

ఆ మాట ఊళ్లో తిరగడానికి బొజ్జన్న స్కూటరు తిరిగేంత సేపు కూడా పట్టలేదు. పక్కవీధిలో పుట్టిన బిడ్డకు నీళ్లు పోయడానికి ఆమెను పిలవలేదు. హులిగెమ్మ కాలుగాలిన పిల్లిలా ఆ ఇంటి ముందు అటూ ఇటూ తిరిగింది. లోపల బిడ్డ ఏడుస్తుంటే, "నీళ్లు సల్లగుండాయే మొద్దుముండా" అని గోడ ఇవతలి నుంచే అరిచి వచ్చింది.

మరుసటి రోజే మొగుణ్ణి వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కింది.

చర్మం డాక్టరు శిల్ప చిన్నపిల్లలా ఉంది. "నేను నీళ్లు పోసే ఈడు బిడ్డ నాకు మందియ్యాల్నా" అని హులిగెమ్మ మొగుడి చెవిలో గొణిగింది. డాక్టరమ్మకు వినబడింది. నవ్వి, కళ్లు మూసుకోమని, వీపు మీద దూది పోగుతో తాకింది.

"ఎక్కడ తాకుతున్నానో చెప్పమ్మా."

"ఎడమ పక్క. ఇప్పుడు నడిమిట్లో. తాకేది గాదు తల్లీ, ఇంచెం గట్టిగా గోకు, పుణ్యముంటాది."

"స్పర్శ బాగుంది. నువ్వు భయపడే పెద్దరోగంలో, అదే కుష్టులో, మచ్చ మొద్దుబారుతుంది. నీది మొద్దుబారకపోగా డాన్సు చేస్తోంది."

తర్వాత లైటున్న భూతద్దమొకటి వీపుకు ఆనించి, ఉరుకుందును పిలిచి చూపించింది. నలుపంతా ఒకే పూత కాదు. సన్నటి గోధుమరంగు గీతలు, ఒకదాని పక్కనొకటి, అలలు అలలుగా.

"ఎండాకాలం హంద్రి ఏట్లో ఇసక మాదిరి ఉండాదే" అన్నాడు ఉరుకుందు. "గాలికి గీతలు పడి."

"బాగా చెప్పినావన్నా. ఈ అలల్ని చూస్తే నాకొక అనుమానం. దేంతో రుద్దుకుంటావమ్మా?"

ఆ గదిలో ఏసీ ఉంది, గాజు టేబులుంది, డాక్టరమ్మ గోళ్లు ముత్యాల్లా ఉన్నాయి. అక్కడ ఉల్లిగడ్డల సంచి అని చెప్పడానికి హులిగెమ్మకు నోరు రాలేదు. "బీరపీచుతో" అంది. ఉరుకుందు నోరు తెరవబోతే కాలు తొక్కింది.

డాక్టరమ్మ మొద్దుబారే సూదేసి, పెన్సిలు వెనక రబ్బరు కంటే చిన్న ముక్క తీసి సీసాలో వేసి, కుట్టు వేసింది. వారం తర్వాత రమ్మంది. అప్పటిదాకా వీపు రుద్దొద్దంది.

ఆ వారం ఉరుకుందు బతుకులో చెడ్డ వారం. వీపుకు పోయే చేతులు వీపుకు పోకుండా ఇంటి మీద పడ్డాయి. మేకకు తలంటింది. చీపురును కడిగింది. తలుపు చెక్కకు వీపు ఆనించి రుద్దబోయి కుట్టు గుర్తొచ్చి, తలుపునే తిట్టింది. నాగలతకు ఫోను చేసి, కడుపులో బిడ్డ కదులుతోందా అని అడిగి, కదులుతోందంటే, "నా మాదిరే" అని పెట్టేసింది.

రిపోర్టుకు వెళ్లే రోజు కోడలి నోట సంగతి విని వచ్చిన సుంకులమ్మ కర్నూలు బస్టాండులో ఎదురైంది. "డాక్టరు నోటితో నేనే ఇంటా. నువ్వు నడిమిట్లో కలిపి చెబుతావు" అంది. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు గానీ మధ్యలో సుంకులమ్మ సంచి కూర్చుంది.

డాక్టరమ్మ టేబులు పక్కనే మైక్రోస్కోపు ఉంది. "రా అమ్మా, నీ వీపు చూసుకుందువు" అని హులిగెమ్మను కూర్చోబెట్టింది. హులిగెమ్మ ఒక కన్ను మూసి చూసింది. పైన ఊదారంగు గట్టు. గట్టు కింద, వేళ్ల సందుల్లాంటి చోట్ల, చిన్న చిన్న గులాబీ ముద్దలు. వాటి చుట్టూ మసి చల్లినట్టు చుక్కలు.

"పైన ఊదారంగు నీ చర్మం పైపొర. బాగా రుద్దితే అందులో కణాలు చచ్చి కిందికి రాలుతాయి. రాలినవన్నీ పోగుపడి ఆ ముద్దలయ్యాయి. చర్మానికి రంగిచ్చే నల్లపొడి కూడా కిందికి కారింది. దాన్ని తినేదానికి వేరే కణాలొచ్చి, తిని, అక్కడే కూర్చున్నాయి. పైకి నలుపు కనబడేది అందుకే."

"తిని కూసునేటోడు ఇంట్లో ఒకడుండాడంటే, ఈపులో గూడానా?"

డాక్టరమ్మ అద్దం కింద గాజుపలక మార్చింది. ఈసారి ఆ ముద్దలకు ఎర్రరంగు పట్టించి ఉంది. లైటు దగ్గర బిళ్ల ఒకటి తిప్పగానే అంతా చీకటై, ఆ ముద్దలు మాత్రం పచ్చగా మెరిశాయి. ఉలవచేను మీద తొలివాన పడ్డంత పచ్చ.

"అమ్మో!" అంది హులిగెమ్మ. "ఇంత కరువులో నా ఈపులో పచ్చన యాడిదమ్మా?"

"ఆ పచ్చదనమే రుజువు. మాక్యులర్ అమైలాయిడోసిస్ అంటారు. పేరు పెద్దది, రోగం చిన్నది. గుండెకో, కిడ్నీకో పోయే రకం కాదు, చర్మం దాటదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు."

హులిగెమ్మ తల ఎగరేసి వియ్యపురాలి వైపు తిరిగింది. సుంకులమ్మ అప్పటికే జాకెట్టు చేతులు పైకి లాగుతోంది.

"అంటుకోదంటివే! మరి నాకు యాడ్నించి వచ్చె?"

డాక్టరమ్మ భూతద్దం ఆనించి చూసింది. అవే అలలు. "నువ్వు దేంతో రుద్దుకుంటావమ్మా?"

"నాకేం, బంగారట్లాంటి పీచుండాది. ఈ వొదినే ఇచ్చె. ఉల్లిగడ్డల సంచి కోసి అల్లింది. ఈమె ఈపుకు అదే, నా చేతులకూ అదే."

హులిగెమ్మ మళ్లీ మైక్రోస్కోపులోకి వంగింది, అందులో చూసేది ఇంకా చాలా మిగిలి ఉన్నట్టు.

"బీరపీచు అన్నావు కదమ్మా" అంది డాక్టరమ్మ.

"సంచి గూడా అల్లితే పీచే గదా తల్లీ" అంది హులిగెమ్మ అద్దంలోంచి తల ఎత్తకుండా.

"రోగం అంటుకోలేదు. మీ ఇద్దరి మధ్యా అంటుకుంది ఆ ప్లాస్టిక్ పీచు. కొందరి చర్మం తట్టుకుంటుంది, కొందరిది ఇట్లా అవుతుంది. దాన్ని పారేయండి. పూతమందు, దురదకు మాత్ర రాసిస్తా. నలుపు మెల్లగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాటివ్వను. దురద పుడితే గోకొద్దు, తడిబట్ట అద్దండి."

తిరుగు ప్రయాణం బళ్లారి బస్సులో. సుంకులమ్మ ముందు సీట్లో, హులిగెమ్మ వెనక సీట్లో. కర్నూలు దాటాక హులిగెమ్మ వీపు సీటుకు ఆనుకుని మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ముందు సీట్లో సుంకులమ్మ మోచేయి కిటికీ కమ్మీకి ఆనుకుని అదే తాళంలో ఊగుతోంది.

"గోకొద్దనె గదా?" అంది హులిగెమ్మ.

సుంకులమ్మ చటుక్కున చెయ్యి తీసింది. లేచి వచ్చి పక్కన కూలబడింది. "నా బిడ్డట్లాంటి కోడలికి గూడా నీ పీచే ఇచ్చి పంపితివి. నాకిచ్చితివి. ఊరికంతా ఇచ్చితివి. అంటురోగం నయం గదా, అది అడగకుండా వస్తాది. నువ్వు పసుపూ కుంకుమా పెట్టి మరీ ఇస్తివి! ఒక్క మాట చెప్పు. పసిబిడ్డను గూడా అట్లే తోముతావా?"

ఇన్నాళ్లూ సుంకులమ్మ భయం వీపు గురించనుకుంది హులిగెమ్మ. అది చేతుల మీదికి మారిందని ఇప్పుడు తెలిసింది. సుంకులమ్మ చెయ్యి లాక్కుని, ఆ నల్లటి అలల మీద తన అరచెయ్యి పెట్టి, భుజం నుంచి మణికట్టు దాకా ఒక్కసారి తీసింది. వేళ్ల చివర్లు గరుకే, బూడిదతో తోమి తోమి మొద్దుబారాయి. అరచేతి నడుమ మాత్రం ఊళ్లో బిడ్డలందరి నూనె ఇంకి, వెన్న ముద్దలా ఉంది.

"పసిబిడ్డకు ఇదే పీచు" అంది. "ఏళ్ల కొసలు గూడా తగలనియ్యను."

సుంకులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెంటనే మాత్రం కాదు. కోడుమూరు రాగానే సంచి భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి చెప్పింది. "ఊళ్లో నువ్విచ్చిన పీచులన్నీ ఏరి పారెయ్. కోడల్ని తోలుకోనొచ్చేది నేనే. వచ్చినప్పుడు మీ ఇంట్లో ఒక్క పేట కనబడినా అదే ఆటోలో ఎనక్కి తోలుకోని పోతా."

ఇచ్చింది వెనక్కి అడగడం హులిగెమ్మకు కొత్త. ఊరికి ఇంకా కొత్త. "నీ రోగం పోయిందని మా పీచు పీక్కుంటావా?" అందొకామె. ఇంకొకామె, "నా మొగుని ఒళ్లు దీనికి తప్ప దేనికీ లొంగదక్కా, నీకు దండం పెడతా" అని కొంగు కింద దాచుకుంది. హులిగెమ్మ ప్రతి గడపలో వెనక్కి తిరిగి, రవిక కాస్త కిందికి లాగి, వీపు చూపించింది. "ఇట్లయితాది. అంటురోగం గాదు, నా బుద్ధి" అంది. ఆ వీపు చూశాక పీచులు వాటంతటవే బయటికొచ్చాయి. బొజ్జన్న ఇంటి నుంచి కూడా ఒకటొచ్చింది. ఆయన తామర మందు రాసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

అన్నీ పారేసింది, ఒక్కటి తప్ప. సొంతది. స్నానం చేసే జాలాటి గోడ మీద పెంకు కింద దోపి ఉంది. పారేయడానికి రోజూ వెళ్లేది, చెయ్యి పెట్టేది, తీసేది. అది అక్కడుందన్న ధైర్యంతోనే రుద్దకుండా ఉండగలిగింది. తడిబట్ట అద్దేది, పూతమందు రాసేది, గడప కడిగేది, మళ్లీ పెంకు వైపు చూసేది.

నాగలత వస్తున్న రోజు నీళ్ల పొయ్యి రాజేసి వేణ్నీళ్లు కాస్తోంది. ఎదురుచూపుకు తోడు చెమట, చెమటకు తోడు దురద. వీపంతా చీమలు పెండ్లి చేసుకుంటున్నట్టుంది. ఒక్కసారి, ఒక్క లాగు. పెంకు కింద నుంచి పీచు తీసింది. ఉచ్చుల్లో పిడికిళ్లు దూర్చింది. భుజం మీంచి వీపు మీద వేసుకుంది. అంతలో వీధి మలుపులో ఆటో చప్పుడు.

లాగితే ఎంత హాయో ఆమెకు తెలుసు. ఆటో వెనక్కి తిరిగితే ఏమవుతుందో కూడా తెలుసు. పిడికిళ్లు ఊడబెరుక్కుని పీచును పొయ్యిలోకి విసిరింది.

సుంకులమ్మ గడపలో అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చింది. "ఏం కాలుతాండాది ఈడ?"

"నా దురద" అంది హులిగెమ్మ, వీపును గోడకు దూరంగా పెట్టుకుని.

సుంకులమ్మ పొయ్యిలోకి తొంగి చూసింది. ఎర్రటి ప్లాస్టిక్ ముద్దగా కరుగుతోంది. ఏమనుకుందో గానీ, బయటికెళ్లి ఆటోలోంచి నాగలత పెట్టె దింపించింది.

నాగలతకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక తొలిసారి నీళ్లు పోసే పూట వీధిలో సగం మంది దొడ్లో చేరారు. హులిగెమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. సుంకులమ్మ ఎదురుగా ఇంకో పీట వేసుకుని నీళ్ల చెంబు పట్టుకుని పోలీసులా కూర్చుంది. మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టి, అరచేతి నడిమిట్లో నూనె పోసుకుని, గుండె మీద నుంచి పాదాల దాకా మెల్లగా తీస్తుంటే ఆ చేతులేనా ఇవి అన్నట్టు చూశాడు ఉరుకుందు. చేతులు నిదానించాయి గానీ మిగతా ఒళ్లు నిదానించలేదు. ఆవిరికి చెమట పట్టింది. సరిగ్గా రెండు భుజాల నడుమ దురద లేచింది.

ఒక చెయ్యి బిడ్డ మెడ కింద. ఒక చెయ్యి బిడ్డ పొట్ట మీద. హులిగెమ్మ పెదవి కొరుక్కుంది. భుజాలు ఎగరేసింది. దించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి తీయలేదు.

"ఏమైతాండాది వొదినా?" అంది సుంకులమ్మ.

"ఏం కాలేదు. నీళ్లు పొయ్."

సుంకులమ్మ చెంబు కింద పెట్టింది. కొంగు చివర నీళ్లలో తడిపి, పిండి, లేచి వెనక్కి వచ్చింది. రవిక మెడలోంచి ఆ నల్లటి అలల మీద తడికొంగు వేసి, పైన తన అరచెయ్యి ఆనించింది.

"ఈడనా?"

"ఇంచెం కిందికి."

"ఈడ?"

"ఆ... ఇంచెం గట్టిగా వొదినా, ఒక్కసారి గోకు."

"డాక్టరమ్మ సంపుతాది. నోర్మూసుకోని బిడ్డను పట్టుకో" అని సుంకులమ్మ ఆ చెయ్యి అట్లే ఆనించి నిలబడింది. కాళ్ల మీద బిడ్డ ఊరంతా వినబడేటట్టు ఏడుపు అందుకుంది.